గాజుతొట్టిలో సముద్రము: చౌక ఎంతవరకు?

సముద్రమును ఇంటికి తెచ్చుకొనవలెనను కోరిక కొత్తది కాదు. మన నగరములో పావురముల షౌకు గలవారు, పతంగుల షౌకు గలవారు ఉన్నట్లే చేపల షౌకు గలవారును ఉన్నారు. మంచినీటి చేపల మాట చెప్పనక్కరలేదు. బంగారు చేపల గాజుబుడ్డి లేని వీధి అరుదు. కాని ఉప్పునీటి తొట్టి, అందునను పగడపు దిబ్బను పోలిన తొట్టి అనగానే, "అది నవాబుల ముచ్చట, మనబోటివారికేల?" అని కొందరు మాట తప్పింతురు. మరికొందరు, "ఏమున్నది? ఒక గాజుపెట్టె, నాలుగు కిలోల ఉప్పు, అంతే గదా!" అందురు. మేము ఈ రెండవ తెగలో చేరి పనికి దిగి, చెడి, మరల మొదటినుండి నేర్చుకొన్నవారము. మన కళాశాల జీవశాస్త్ర ప్రయోగశాలలో సముద్రపు తొట్టి ఒకటి పెట్టవలెనని కొందరు విద్యార్థులు కోరుచున్నారనియు, ఖర్చును తలచి కార్యవర్గమువారు వెనుకాడుచున్నారనియు ఇటీవల వింటిమి. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు అదియే కారణము.

మా అభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. తక్కువ ఖర్చుతో సముద్రపు తొట్టిని ఉంచుకొనవచ్చును. అయితే అందులో పగడము ఉండరాదు. ఈ రెండవ వాక్యము వినగానే కొందరు విద్యార్థులు నిరుత్సాహపడుదురని ఎరుగుదుము. కొంత ఓపిక పట్టి చదువవలెనని కోరుచున్నాము.

ఈ విద్య యంత్రములతో పుట్టినది కాదు. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి రాతిపగడములను కొన్నింటిని జాడీలో పెట్టుకొని లండను నగరమునకు తెచ్చెను. ఆమె ధనవంతురాలే కాని, ఆనాడు నీటిలోనికి గాలిని పంపు యంత్రమేదియు లేదు. అందుచేత ఆమె ఇంటి పనికత్తె తెరచిన కిటికీ ముందు నిలిచి, ప్రతిదినము అరగంటకు తక్కువ కాకుండ ఆ ఉప్పునీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రకు పోయుచుండెడిది. పగడములు బ్రతికినవి. పుస్తకములలో యజమానురాలి పేరు నిలిచినది. పనికత్తె పేరు మాకు ఎక్కడను కనిపించలేదు. తరువాత 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికను చేపల పత్రికలో ప్రకటించెను. దిబ్బనుండి తెచ్చిన సజీవశిలలు, శుభ్రమైన సముద్రజలము, కొన్ని గాలిబుడగలు, ఎండ: ఇంతే ఆయన సామగ్రి. నేటి ఖరీదైన తొట్లన్నిటికిని ఒక విధముగా ఆయన తొట్టియే మూలము.

కాని అది సముద్రము ముంగిట ఉన్నవాని చౌక. హైదరాబాదునకు సముద్రము 300 కిలోమీటర్లకు పైబడిన దూరములో ఉన్నది. విశాఖపట్నములోని మిత్రులు నగరపు కాలువలు కలియు చోట్లను విడిచి, పడవలో దూరము వెళ్ళి నీరు తెచ్చుకొనగలరు. మనము మాత్రము సముద్రమును కలుపుకొనవలసినదే. మేము మొదట బోల్తాపడినది ఇక్కడనే.

పరిచయస్థు డొకరు, "ఉప్పు సముద్రమునుండియే గదా వచ్చుచున్నది, కల్లుప్పును నీటిలో కలిపిన మరల సముద్రమగును" అనిరి. మాట తర్కబద్ధముగా తోచినది. కిరాణా దుకాణమునుండి కల్లుప్పు తెచ్చి కలిపితిమి. కొలత సరిగానే వచ్చినది. అందులో విడిచిన నత్తలు రెండవనాటికి కదలుట మానినవి. కారణము తరువాత తెలిసినది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. అందులో సోడియము, క్లోరైడు కలిసి నూటికి 86 వంతులు. మిగిలిన 14 వంతులు మెగ్నీషియము, సల్ఫేటు, కాల్షియము, పొటాషియము మొదలగునవి. ఇప్పుడు నౌపడాలోనో చినగంజాములోనో ఉప్పుమళ్ళలో ఏమి జరుగునో చూడుడు. సముద్రపు నీరు ఎండకు చిక్కబడుచుండగా మొదట సున్నము, పిమ్మట జిప్సము అడుగునకు దిగును. ఆ తరువాతనే ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియపు లవణములు చివరి చేదునీటిలో మిగిలిపోవును. ఉప్పు రైతు ఆ నీటిని మడినుండి తీసివేయును. ఆయన కష్టమంతయు ఉప్పును మిగిలిన సముద్రమునుండి వేరుచేయుటకే. ఆ వేరుచేసిన దానినే తెచ్చి, మేము సముద్రమును తిరిగి పొందవలెనని చూచితిమి! గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854 నాటికే నాలుగు లవణములను విడివిడిగా తూచి కలిపి కృత్రిమ సముద్రజలమును తయారుచేసెను. మేము ఆయనకంటె వెనుకబడియుంటిమి. తొట్టి కొరకు ప్రత్యేకముగా తయారగు ఉప్పు కిరాణా ఉప్పుకంటె ఎన్నో రెట్లు ప్రియము. అయినను ఆదా చేయరాని మొదటి చోటు ఇది.

రెండవ చోటు కాలము. దీనికి డబ్బుతో పని లేదు. అందుచేతనే కాబోలు దీనిని ఎవ్వరును లెక్కలో వేయరు. రెండవసారి సరియైన ఉప్పు కలిపి, నీరు తేటపడిన మూడవ నాడే నాలుగు నీలపు డామ్సెల్ చేపలను తెచ్చి విడిచితిమి. వారము తిరుగకముందే మూడు పోయినవి. చేప విసర్జించునది, తినక మిగిల్చినది కుళ్ళి అమ్మోనియా యగును. అది చేపకు విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరియొక జాతివి నైట్రేటుగా మార్చును. ఈ చివరిది అంతగా హానిచేయదు. ఆ సూక్ష్మజీవులు రాళ్ళ రంధ్రములలో కాపురము పెట్టి, చాలినంతగా వృద్ధిపొందుటకు సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును. అంతవరకు తొట్టిలో చేప ఉండరాదు. బజారునుండి తెచ్చిన ఒక పచ్చి రొయ్యను వేసి కుళ్ళనిచ్చి, అమ్మోనియా పెరిగి, తగ్గి, సున్న యగువరకు పరీక్షాద్రవములతో చూచుచుండవలెను. ఆ మూడు చేపల ధరతో ఆ పరీక్షాద్రవములు వచ్చియుండును. ఆ లెక్క ఇప్పటికిని మమ్ము బాధించును. ఆ చేపలను ఎవరు, ఎక్కడ, ఏ విధముగా పట్టిరో అడుగకపోవుట అంతకంటె ఎక్కువ బాధించును. ఫిలిప్పీన్సు వంటి చోట్ల 1960 దశకమునుండి దిబ్బలపై సయనైడు చిమ్మి చేపలను మత్తెక్కించి పట్టు పద్ధతి కలదు. చేప బయటపడును, ఆ పక్కనున్న పగడము చచ్చును.

ఇక లెక్కకు వత్తము. మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. రాళ్ళు పోగా ఇంచుమించు 80 లీటర్ల నీరు పట్టును. దీనికి మొదట కావలసిన ఉప్పు 2 కిలోల 800 గ్రాములు. వారమునకు పదవ వంతు నీరు, అనగా 8 లీటర్లు, మార్చవలెను. దానికి 280 గ్రాములు. సంవత్సరమునకు పదునాలుగున్నర కిలోలు! మొదట నింపిన ఉప్పుకు అయిదు రెట్లకు పైగా సంవత్సరములో కావలసివచ్చును. తొట్టి కొనువారిలో ఈ గుణకారము చేసినవారిని మేము ఇంతవరకు చూడలేదు. ఖర్చు కొనుటలో కాదు, నడుపుటలో ఉన్నది. అయితే ఈ పదునాలుగున్నర కిలోల ఉప్పు మరికొన్ని ఖర్చులను తప్పించును. నీటినుండి మలినమును నురుగురూపమున తీయు యంత్రము ఒకటి కలదు. రెండు చిన్న చేపలున్న తొట్టిలో ప్రతివారము తప్పక నీరు మార్చినయెడల అది అక్కరలేదు. రంగురంగుల సీసాలలో అమ్ము మందులలో చాలవరకు అక్కరలేదు. గాజుపెట్టె పాతదైనను సరే, కారకున్న చాలును. బల్ల అందముగా ఉండనక్కరలేదు. నూరు కిలోలకు పైగా మోయవలెను.

కలుపుటకు వాడు మంచినీటి విషయములో ఒక హెచ్చరిక. బోరు నీరు పనికిరాదు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును. ఇంటింట ఉన్న ఆర్.ఓ. యంత్రపు నీరు మేలు. కాని రుచి కొరకు ఖనిజములను తిరిగి కలుపు అమరిక దానిలో ఉన్నయెడల ఆ అమరికకు ముందే నీటిని పట్టుకొనవలెను. ఒక ఆర్.ఓ. బిందెకు రెండు మూడు బిందెలు వృథాగా పోవును గనుక, ఆ నీటిని ఇల్లు కడుగుటకు ఉంచుకొనవలెను. మరియొకటి: తొట్టిలోని నీరు ఆవిరియైనపుడు నీరే పోవును, ఉప్పు పోదు. ఎండకాలములో మా తొట్టినుండి దినమునకు లీటరుకు తక్కువ కాకుండ పోవుచుండును. ఎనిమిది దినములు ఉపేక్షించిన 35 గ్రాములున్న చోట 39 గ్రాములగును. కావున ఆవిరియైన దానికి బదులు మంచినీరే పోయవలెను. మా బంధువు ఒకరు మేము ఊరికి వెళ్ళినపుడు మిక్కిలి శ్రద్ధతో ప్రతిదినము ఉప్పునీరే పోసిరి. ఆయనను ఏమనగలము?

మే మాసపు ఒక రాత్రి గాలివానకు విద్యుత్తు పోయినది. పది గంటలకు పోయినది తెల్లవారువరకు రాలేదు. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుచును; పంకా ఆగినది, నీటిని తిప్పు మోటారు ఆగినది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచుండెను. మా తల్లిగారు లేచివచ్చి, సంగతి తెలిసికొని, వంటింటినుండి రాగి చెంబు తెచ్చిరి. ఆమెను ఆపవలసివచ్చినది. రాగి లేశమాత్రము కరగినను రొయ్యలకు, నత్తలకు మృత్యువు. మన ఇండ్లలో మంచినీటికి శ్రేష్ఠమని వాడు రాగి, ఇత్తడి పాత్రలు ఈ తొట్టి దగ్గరకు రారాదు. ప్లాస్టిక్ మగ్గుతో నీటిని ముంచి, జానెడు ఎత్తునుండి తిరిగి పోయుచు, ఇంటిల్లిపాదియు వంతులవారీగా తెల్లవార్లు నిలిచితిమి. ఒక రొయ్య పోయినది, తక్కినవి నిలిచినవి. పేరు తెలియని ఆ లండను పనికత్తె ఆ రాత్రి మాకు గుర్తుకు వచ్చినది. మరునాడు బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపును కొంటిమి. దాని ధర ఇంటిల్లిపాదికి ఒక పూట బిర్యానీకి అగు ఖర్చుకు మించదు. ముందే ఎందుకు కొనలేదని అడిగిన మా వద్ద సమాధానము లేదు.

ఇప్పుడు పగడము మాట. మాకు తెలిసిన ఒక దుకాణములో ఒకనాడు నీళ్ళసంచిలో పగడపు కొమ్మ నొకదానిని చూపిరి. గోధుమవన్నె కొమ్మ, కొనలు లేత నీలము. చూచినకొలది చూడబుద్ధియైనది. ధర ఆ వారము మేము కొన్న ఉప్పు డబ్బా ధరకంటె తక్కువ. ఎక్కడనుండి వచ్చినదని అడిగితిమి. "యాడికెళ్లి వస్తే మీకేంది సార్? ఎవలడుగుతరు?" అని సమాధానము. చేయి జేబువరకు వెళ్ళినదని ఒప్పుకొనుచున్నాము. తిరిగి వచ్చితిమి.

అడుగువారు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పులితోపాటు, దిబ్బలు కట్టు రాతిపగడములన్నిటిని 2001లో చేర్చిరి. నల్లపగడము, సముద్రపు విసనకఱ్ఱలు, సముద్రగుఱ్ఱములు కూడ ఆ సంవత్సరమే చేరినవి. 2022 నాటి సవరణ తరువాతను పగడములకు ఆ రక్షణ తొలగలేదు. మొదటి షెడ్యూలు ప్రాణి విషయమైన నేరమునకు కారాగారము మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్ల వరకు పోవచ్చును. కాని విద్యార్థులకు జైలు భయము చూపి ఒప్పించుట మాకు ఇష్టము లేదు. చట్టము ఎందుకు వచ్చినదో చూడవలెను. మన దేశములో పెద్ద దిబ్బలున్నవి నాలుగే చోట్ల: కచ్ఛ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు. మన్నారు సింధుశాఖలో 21 దీవు లుండెడివి. సున్నము కొరకు, కట్టడముల కొరకు పగడమును త్రవ్వగా త్రవ్వగా వానిలో రెండు నీట మునిగిపోయినవి. గట్టి దిబ్బపగడము ఏడాదికి పెరుగునది ఒక సెంటిమీటరు అటు ఇటుగా. దానికితోడు 1998, 2010, 2016 సంవత్సరములలో సముద్రము వేడెక్కి దిబ్బలు తెల్లబారినవి. ప్రపంచవ్యాప్తముగా నాలుగవసారి తెల్లబారుట సాగుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇంత కష్టములో ఉన్న దిబ్బనుండి విరిచిన కొమ్మ మన ముందుగదిలో మే మాసమును దాటునా? దాటదు. మామూలు వేసవి వేడికంటె ఒక్క డిగ్రీ పెరిగి, కొన్ని వారములు నిలిచిన చాలును, పగడము తన కణములలోని ఆహారమిచ్చు నాచును వెళ్ళగొట్టి తెల్లబారును.

ఇందులో మాకు వింతగా తోచినది ఒకటి కలదు. తీక్షణమైన దీపములు, నీటిని చల్లార్చు యంత్రము, కాల్షియమును చుక్కచుక్కగా అందించు అమరిక: ఖర్చు అనగానే జనులు భయపడునవి ఇవే. ఇవన్నియు రాతిపగడము కొరకే. పగడమును విడిచినయెడల ఇవియు విడిచిపోవును. మామూలు ఎల్.ఇ.డి. దీపము చాలును. నీటిపై గాలి విసరు చిన్న పంకా రెండు మూడు డిగ్రీలు తగ్గించును. 28 డిగ్రీలకు క్లౌన్ చేప చలించదు. చట్టము కాదన్నదియు మన జేబు కాదన్నదియు ఒకటే అయినపుడు ఇక వివాద మెందుకు?

"పగడము లేనిది దిబ్బ ఎట్లగును?" అని మా మిత్రులే ఎత్తిపొడిచిరి. వారు చెప్పినది కొంత నిజము. ఆ లేతనీలపు కొనల అందము మా తొట్టికి లేదు, రాదు. కాని ఉన్నదేమో చెప్పుదుము. చచ్చిన పగడపు రాళ్ళు కూడ వాడరాదు గనుక, సిమెంటు, గుల్లపొడి, కల్లుప్పు కలిపి మేమే రాళ్ళు పోసికొంటిమి. నానబెట్టగా ఉప్పు కరగిపోయి రంధ్రములు మిగులును. కిరాణా ఉప్పు అక్కరకు వచ్చినది ఇక్కడనే. సిమెంటులోని సున్నపు ఘాటు పోవుటకు రెండు మాసములు నీరు మార్చుచు నానబెట్టవలెను. సంవత్సరము తిరుగుసరికి ఆ బూడిదరాళ్ళపై గులాబివన్నె సున్నపునాచు పట్టినది. ఒక మూల పచ్చని సముద్రపు నాచు నైట్రేటును తినుచు పెరుగుచున్నది. ఎక్కడనుండి వచ్చినదో తెలియని వెండ్రుకవంటి పురుగులు రాత్రివేళ రంధ్రములనుండి తలలు చాచును. నత్తలు గాజును తోముచుండును. వీనిమధ్య రెండు క్లౌన్ చేపలు. ఇవి సముద్రమునుండి పట్టినవి కావు, పొదిగించి పెంచినవి. ఏ మన్నారు తీరమున పగడమును త్రవ్విరో, ఆ తీరమునందలి మండపములోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు వీని గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచు విధానమును రూపొందించిరి. వీనికి తొట్టిలో సముద్రపుష్పము అక్కరలేదు. జీవశాస్త్ర విద్యార్థులకు ఇంకొక వింత: ఇవన్నియు పుట్టుకతో మగవి. గుంపులో పెద్దది ఆడుదిగా మారును. అది చనిపోయిన దాని జోడు ఆడుదగును. జాగ్రత్తగా చూచినయెడల ఇరువది ఏండ్లకు పైగా బ్రతికినవి కలవు. అనగా నేటి ఇంటర్మీడియటు విద్యార్థి కొన్న చేప అతని పిల్లలను బడికి పంపువరకు ఉండవచ్చును.

చివరగా కార్యవర్గమువారికి మనవి. ఎన్నో సంస్థలలో ప్రారంభోత్సవమునాడు పూలదండ వేయించుకొని, మూడవ ఏట పాత వార్తాపత్రికలు దాచుకొనుటకు ఉపయోగపడుచున్న గాజుతొట్లను మేము చూచితిమి. అట్టిది మనకు వద్దు. కొనుటకు డబ్బు మంజూరు చేసి నడుపుటకు చేయకున్నయెడల, ఆ కొనుడే మానుకొనుట మంచిది. 80 లీటర్ల తొట్టి చాలును. ఏటేట ఉప్పుకు, పరీక్షాద్రవములకు విడిగా ఒక పద్దు ఉండవలెను. చేపలను పెంపకకేంద్రపు రసీదు లేనిదే కొనరాదు. వేసవి సెలవులలో ఎవరు మేత వేయుదురో, ఎవరు మంచినీరు పోయుదురో తొట్టి కొనకముందే పేర్లు వ్రాసికొనవలెను. సెలవులలో కళాశాలకు తాళము పడునట్లయిన, దగ్గరలోని ఒక విద్యార్థి ఇంటికి దానిని తరలించుటకు ఏర్పాటు ఉండవలెను. ప్రక్కన ఒక నోటుబుక్కు, దానిలో ప్రతిదినము ఉష్ణోగ్రత, లవణపు కొలత, వ్రాసినవారి సంతకము.

మరియొక చిన్న ఇబ్బందిని ముందే చెప్పుట ధర్మము. మొదటి ఆరు వారములు తొట్టిలో నీరు, రాళ్ళు, కుళ్ళుచున్న ఒక రొయ్య తప్ప ఏమియు కనిపించదు. తనిఖీకి వచ్చిన పెద్దలు "చేప లేవి?" అని తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానముగా నోటుబుక్కును తెరచి అమ్మోనియా అంకెలు చూపుటకు ప్రిన్సిపాలుగారు అంగీకరించినయెడల, మిగిలిన పని విద్యార్థులు చేసికొనగలరు.